బండి దగ్గుతోందా? ముందు ప్లగ్గు చూడండి

పాల క్యాన్లు కట్టుకుని మోపెడు మీద పట్నం పోతున్నారు. దారిలో బండి ఆగి ఆగి దగ్గుతుంది. ఎత్తు వస్తే లాగదు. పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. దీన్నే 'మిస్సింగు' అంటారు. పాలు వేళకు చేరకపోతే విరిగిపోతాయి. ఆ రోజు సంపాదన పోయినట్టే.

"ఇంజను విప్పాలి" అని ఎవరైనా అంటే తొందరపడకండి. ఇంజను పనికి వేలల్లో ఖర్చవుతుంది. ప్లగ్గు ధర అందులో చిన్న ముక్క.

ఇంజను లోపల గాలి, పెట్రోలు ఆవిరి కలిసి ఉంటాయి. వాటిని అంటించేది ప్లగ్గు. దాని కొసన సన్నని సందు ఉంటుంది. ఆ సందులో కరెంటు దూకితే నిప్పురవ్వ పుడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, పెట్రోలు 1,500 సార్లు అంటుకోవాలి. కొన్నిసార్లు అంటుకోకపోతే బండి దగ్గుతుంది. డీజిలు ఇంజనుకు ఈ ప్లగ్గు ఉండదు. దాని సంగతి వేరు.

ముందు ఇంజను ఆపి చల్లారనివ్వండి. ప్లగ్గు వైరులో వేల వోల్టుల కరెంటు నడుస్తుంది. ఇంజను తిరుగుతుండగా ముట్టుకుంటే షాకు కొడుతుంది. తీసేటప్పుడు వైరును లాగకండి. క్యాపు పట్టుకుని లాగండి. ప్లగ్గు చుట్టూ దుమ్ము తుడిచాకే విప్పండి. లేకపోతే ఇసుక లోపల పడుతుంది. అప్పుడు నిజంగానే ఇంజను విప్పాల్సి వస్తుంది!

డాక్టరు నాలుక చూసినట్టు ప్లగ్గు మూతి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. పొడి మసి పట్టిందా? గాలి చాలడం లేదు, లేదా పెట్రోలు ఎక్కువ వస్తోంది. ఎయిర్ ఫిల్టరు చూడండి. నల్లగా, జిడ్డుగా ఉందా? ఆయిలు లోపలికి వస్తోంది. తెల్లగా కాలిందా? ఇంజను మరీ వేడెక్కుతోంది. ఇవి బాగు చేయకుండా కొత్త ప్లగ్గు వేస్తే అదీ త్వరగా పాడవుతుంది. తెల్ల పింగాణి చిట్లినా, కొస అరిగినా ప్లగ్గు మార్చాల్సిందే.

కొట్లో "ఏదో ఒక ప్లగ్గు ఇవ్వు" అనకండి. పొడవు ఎక్కువైతే అది పిస్టనుకు తగలవచ్చు. బండితో ఇచ్చిన పుస్తకంలో ప్లగ్గు నంబరు ఉంటుంది. అది చదివి అడగండి. కొట్టువాడు ఇచ్చిన దాని మీద కూడా ఆ నంబరు చదివి సరిచూడండి.

కొత్తది వేళ్లతోనే తిప్పి ఎక్కించండి. మొదటే పానా పెడితే మరలు పాడవుతాయి. వేళ్లతో తిరగడం ఆగాక, వాషరున్న కొత్త ప్లగ్గుకు పానాతో సుమారు అర చుట్టు చాలు.

వాన పడినప్పుడే బండి దగ్గుతోందా? అయితే వైరును అనుమానించండి. పగిలిన వైరు నుంచి కరెంటు పక్క ఇనుముకు దూకుతుంది. చీకట్లో నీలం మెరుపు కనబడుతుంది. చూడండి, ముట్టుకోవద్దు. టేపు చుట్టి నడపడం మనకు అలవాటే. కాని ఇంటి వైర్ల టేపును ఈ కరెంటుకు నమ్మలేం. వైరు, క్యాపు మార్చండి. కొన్ని బళ్లకు వైరు కాయిలుతో కలిసే వస్తుంది. ధర ముందే అడగండి.

పాత మారుతి 800 లాంటి కార్లకు మూడు ప్లగ్గులు, మూడు వైర్లు ఉంటాయి. అన్నీ ఒకేసారి పీకవద్దు. ఒకటి మార్చాకే ఇంకొకటి ముట్టండి. వరస తప్పితే ఇంజను సరిగా నడవదు.

ఇంత చేసినా దగ్గు తగ్గకపోతే మెకానిక్కు దగ్గరికి వెళ్లండి. తీసిన పాత ప్లగ్గును కూడా పట్టుకెళ్లి చూపించండి.