ఎనిమిదవ ఇల్లు

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పుదురు. భయము లేని చోటు దొరకువరకు ఆ తల్లి వాటిని నోట కరచుకొని అటకపై నుండి కట్టెల కొట్టులోనికి, కొట్టు నుండి పొరుగువారి పెరటిలోనికి మార్చుచునే యుండును. ఒకచోట నిలువని వానిని చూచి ఈ సామెత చెప్పి నవ్వుట మన వాడుక. కాని ఉపాధ్యాయుని బ్రతుకు ఎరిగినవారు అంత సులభముగా నవ్వలేరు. బదిలీ ఉత్తరువు చేతికి వచ్చిననాడు పిల్లలను, పుస్తకములను, పచ్చడి జాడీలను వెంటబెట్టుకొని ఇండ్లు తిరుగువారము మనమే గదా! అట్టి వేళ మన ఇంటి పిల్లి గతి ఏమి?

సామాను జాబితాలో పిల్లి సాధారణముగా కనబడదు. బీరువాను మెట్లపై నుండి ఎట్లు దింపవలెనో, లారీ ఎన్ని గంటలకు రావలెనో ముందుగనే ఆలోచింతుము. పిల్లి మాట కడపటి దినమునగాని జ్ఞప్తికి రాదు. అప్పుడు ఎవరో ఒకరు, “కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. దానికేం, ఇక్కడే బ్రతుకుతుంది” అందురు. ఆ మాటతో మనస్సును ఊరడించుకొని తలుపునకు తాళము వేయుదుము. ఈ మాటలో సగము నిజము. తక్కిన సగము మన సౌకర్యము.

నిజమైన సగము మొదట చూతము. నేటి పెంపుడు పిల్లులు సమీప ప్రాచ్యదేశముల అడవిపిల్లి సంతతియని 2007 లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చినది. ఒంటరిగా వేటాడి బ్రతికిన ఆ జాతికి తాను తిరుగు చోటే ప్రాణాధారము. పిల్లి గుమ్మమునకు, కుర్చీకోళ్లకు చెక్కిళ్లు రాయుట మనము చూచుచునే యుందుము. చెక్కిళ్లయందలి గ్రంథుల నుండి వెలువడు వాసనతో అది, “ఇది నేనెరిగిన చోటు” అని గుర్తు పెట్టుకొనుచున్నది. ఇల్లు మారినచో, నల్లబల్లపై వ్రాసినదంతయు ఎవరో తుడిచివేసినట్లు, ఆ గుర్తులన్నియు ఒక్కసారిగా పోవును.

ఇక రెండవ సగము. పిల్లికి మనిషితో పనిలేదనుట సరికాదు. తమ యజమాని కంఠమును పిల్లులు పరుల కంఠము నుండి వేరుపరచి గుర్తింపగలవని టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013 లో ప్రకటించిరి. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 2019 లో వెలువరించిన పరీక్షలో, నూటికి సుమారు 64 పిల్లికూనలు కొత్త గదిలో తమను పెంచువారి అండ చూచుకొని ధైర్యము తెచ్చుకొన్నవి. కావున తాళము వేసిన గుమ్మమున కూర్చున్న పిల్లి ఇంటికొరకు మాత్రమే కూర్చున్నదని చెప్పరాదు.

ఈ సంగతి నాకు పుస్తకముల వలన కాక, ఒక పాత దుప్పటి వలన తెలిసినది. కొన్నేండ్ల క్రిందట నాకు రాజమహేంద్రవరము నుండి మచిలీపట్నమునకు బదిలీయైనది. అచ్చట ఇల్లు వెంటనే దొరకలేదు. మూడు వారములు ఒక మిత్రుని ఇంట ఒక్క గదిలో తలదాచుకొనవలసి వచ్చినది. మా ఇంట రెండు పిల్లులు: పసుపు చారల గోధుమ, నల్లని మసి. వాటిని ఎవరికి అప్పగింతుము? ఒక సహోపాధ్యాయుని ఇంట చిలుక యున్నది. బంధువుల ఇంట ఉబ్బసముగల బిడ్డ యున్నాడు. మరియొకరిది మూడవ అంతస్తు; కిటికీలకు వల లేదు. తుదకు పక్కింటి పిన్నిగారిని అడిగితిని.

“ఎన్నాళ్ళు నాయనా?” అని ఆమె అడిగినారు.

“మూడు వారాలు, పిన్నిగారూ.”

“అలా కాదు, తేదీ చెప్పి వెళ్ళు. పిల్లులకు తేదీ అక్కరలేదు గాని, నాకు కావాలి.”

తేదీ చెప్పితిని. పిల్లులు పండుకొను దుప్పటిని, పెద్దామె ఇంటికి మాసినది పంపుట మర్యాద కాదని, చక్కగా ఉతికించి ఇచ్చితిని. నేను చేసిన తప్పు అదియే. ఆ ఉతుకుతో దుప్పటి నుండి మా ఇల్లు పూర్తిగా తొలగిపోయినది. మసి ఎట్లో సరిపెట్టుకొన్నది గాని, గోధుమ మొదటి దినమున ముద్ద ముట్టలేదు. ఆ రాత్రి తలుపు సందున తప్పించుకొని, మా పాత ఇంటి మెట్టుపై కూర్చున్నది. పిన్నిగారు గిన్నె తీసికొని ఆ మెట్టు కడకే పోయి, తెల్లవారువరకు దాని చెంత కూర్చున్నారట. మరునాడు ఫోనులో ఆమె చెప్పినది ఒక్కటే: “నువ్వు కట్టి విడిచిన బట్ట ఏదైనా వుంటే పట్టుకురా.” ఉతుకని కండువా ఒకటి సంచిలో వేసికొని బస్సెక్కితిని. గోధుమ ఆ కండువాపై ముఖము రాచి, దానిపై పండుకొని, నాడు రాత్రికి అన్నము తిన్నది.

ఆ భయము ఊరక కలిగినది కాదు. పిల్లి రెండు మూడు దినములు ఏమియు తినకున్నచో, ముఖ్యముగా బలిసిన పిల్లికి, కాలేయమున కొవ్వు పేరుకొని ప్రాణము మీదికి రావచ్చును. ఒక దినము గడిచినను ముద్ద ముట్టనిచో పశువైద్యునికి చూపుటయే మంచిది. కావున పిల్లిని అప్పగించువారు ముందుగనే కొన్ని పనులు చేసికొనవలెను. పిల్లుల అంటువ్యాధులకును, రేబిస్‌కును టీకాలు వేయించవలెను. అలవాటైన తిండియే కొనసాగునట్లు చూడవలెను. ప్రేమకొలది పాలు పోయుదురు గాని, ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరగవు. నేలను ఫినాయిలుతో తుడువవద్దని చెప్పవలెను. పాదములు నాకుకొను పిల్లికి అది విషము. మొదటి దినములలో ఒక్క గది, ఇసుక పళ్లెము, దాగుటకు ఒక అట్టపెట్టె చాలును. అట్టపెట్టె అని చులకన చేయరాదు. దాగుటకు పెట్టె లభించిన పిల్లులు కొత్త చోటికి త్వరగా అలవాటు పడినవని నెదర్లాండ్సులోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయమువారు 2014 లో చూపిరి. వైద్యుని ఫోను నంబరును, ఖర్చులకు సొమ్మును అడుగకముందే ఇచ్చుట మన ధర్మము. కొత్త ఇల్లు చేరిన పిమ్మటను రెండు మూడు వారములు పిల్లిని బయటికి విడువరాదు.

ఇంత చిన్న విషయమునకు ఇంత ఆర్భాటమేల యని కొందరు అడుగవచ్చును. అప్పగించు చేయి దొరకనిచో ఏమగునో చరిత్ర చెప్పుచున్నది. 1939 సెప్టెంబరులో యుద్ధము ప్రకటింపబడిన కొలది దినములలో, లండను నగరముపై ఇంకను బాంబులు పడకమునుపే, అచ్చటి ప్రజలు లక్షలాది పెంపుడు పిల్లులను, కుక్కలను తామే తీసికొనిపోయి చంపించిరి. వారందరు కఠినాత్ములు కారు. పొరుగువారికి గాని, పల్లెలలోనివారికి గాని అప్పగింప వీలుకానిచో చంపించుటయే దయయని నాటి అధికార కరపత్రము ఒకటి సలహా ఇచ్చినది. మన దేశమున 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము, ఆకలిదప్పులతో బాధపడు స్థితిలో జంతువును తగిన కారణము లేక విడిచిపోవుటను నేరముగా పేర్కొన్నది. కాని చట్టము విడువవద్దని చెప్పగలదే గాని, మూడు వారములు అన్నము పెట్టలేదు. అది పొరుగువారు చేయవలసిన పని.

వేసవి బదిలీల కాలమున ప్రతి పాఠశాలలోను ఒకరిద్దరు ఉపాధ్యాయులు ఈ చిక్కులో నుందురు. సహోపాధ్యాయులు తామై ఒక మాట అడుగవచ్చును. విద్యార్థులు ఇంట పెద్దల అనుమతితో, నెల దినములు ఒక పిల్లికి గది యీయవచ్చును. ఒక ప్రాణిని తనది కాదని ఎరిగియు తనదివలె చూచి, గడువునాటికి తిరిగి అప్పగించుటకన్న మంచి పాఠము ఏది?

చెప్పిన తేదీకే పిల్లులకొరకు పోయితిని. గోధుమ నన్ను చూచి పరుగెత్తి రాలేదు. సంచి చుట్టును రెండుమార్లు తిరిగి, వాసన చూచి, దానిపై ఎక్కి కూర్చున్నది. పిన్నిగారు రెండు గిన్నెలను కడిగి అలమారులో బోర్లించినారు. అవి మావే గనుక తీసికొనబోతిని. ఆమె వారించి, “వుండనీ నాయనా. మళ్ళీ బదిలీ రాకపోతుందా?” అన్నారు.