పాత చెక్క ఫ్లోర్: శాండింగ్‌కి ముందు ఒక నీటి చుక్క

ఇవాళ్టి ఎపిసోడ్ పాత చెక్క ఫ్లోర్ గురించి. మన ఊళ్ళల్లో గచ్చు, నాపరాళ్ళు, టైల్సే కదా, చెక్క నేల మనలో చాలామందికి కొత్త. మేం న్యూజెర్సీలో ఉండే ఇల్లు 1950ల నాటిది. కార్పెట్ లేపితే కింద ఓక్ చెక్క పట్టీలు బయటపడ్డాయి. గీతలు, మరకలు, అక్కడక్కడా నలుపు. చూసినవాళ్ళంతా ఒకటే మాట: "మెషీన్ తెచ్చి గీకించెయ్, కొత్తదైపోతుంది."

ఆగండి. చాలాసార్లు అరిగేది చెక్క కాదు, దాని మీదున్న కోటింగ్. ఈ తేడా తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ఫ్లోరూ మిగులుతుంది.

ఎందుకంటే, ఆ పట్టీ మందం ముప్పావు ఇంచు. కానీ పట్టీలు ఒకదాంట్లో ఒకటి దిగి కూర్చునే గాడి ఉంటుంది చూశారా, దాని పైనున్న చెక్క సుమారు పావు ఇంచే. శాండింగ్ చేసిన ప్రతిసారీ అందులోంచే పోతుంది. గాడి దాకా అరిగితే అంచులు చీలతాయి, మేకులు తేలతాయి, ఇక మార్చడమే. ఫ్లోర్‌లో హీటర్ గాలి వచ్చే జాలీ ఉంటే పైకి తీసి, పక్కనుంచి ఫోన్‌తో ఫోటో తీయండి. ఎంత చెక్క మిగిలిందో తెలిసిపోతుంది.

తర్వాత నీటి పరీక్ష. బాగా నడిచే చోట రెండు చుక్కలు వేసి పది నిమిషాలు చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే కోటింగ్ బాగానే ఉంది. చెక్క తాగేసి రంగు ముదిరితే కోటింగ్ పోయింది. చుక్క కింద తెల్లటి మచ్చ వస్తే పాత మైనం పాలిష్ ఉందన్నమాట. దాని మీద పాలీయురేథేన్ అతుక్కోదు, ముందు మైనం తీయాలి.

మా హాల్లో చుక్క నిలబడింది. అందుకే అక్కడ బఫర్‌తో పైపైన గరుకు చేసి, దుమ్ము తుడిచి, ఒక కొత్త కోటు వేశానంతే. కిటికీ దగ్గర మాత్రం చెక్క బయటపడింది, అక్కడ పూర్తి శాండింగే. ముందు ముతక ఉప్పు కాగితం, 36 లేదా 40 నంబర్‌ది. తర్వాత 60, ఆఖర్న 100. చెక్క గీతల వెంటే నడపాలి. డ్రమ్ నేలకి ఆని ఉండగా మెషీన్ ఒక్క క్షణం ఆగినా గుంట పడుతుంది.

ఆ నల్ల మరకల సంగతి చెప్తాను. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ళు తగిలితే నల్లరంగు వస్తుంది కదా. ఓక్‌లోనూ కరక్కాయలో ఉన్నలాంటి వగరు పదార్థమే ఉంది. తడి, మేకు ఇనుము కలిస్తే అదే నలుపు. ఆక్సాలిక్ ఆమ్లంతో తగ్గుతుంది. అది విషం, గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

రెండు విషయాల్లో మాత్రం నిర్లక్ష్యం వద్దు. ఒకటి, సీసం. అమెరికాలో ఇళ్ళ పెయింట్లలో దాన్ని 1978లో నిషేధించారు. అంతకంటే పాత ఇల్లయితే పెయింట్‌లో, వార్నిష్‌లో సీసం ఉండొచ్చు. గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి వెళ్తుంది. టెస్ట్ చేయించాకే మెషీన్ ఆన్ చేయండి. రెండు, నూనె గుడ్డలు. ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డ ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి పడేస్తే అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. బయట విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేయండి.

ఇక రోజువారీ. ఇండియా నుంచి అమ్మ వస్తే బకెట్ నీళ్ళతో తుడవాలని చూస్తుంది. గచ్చుకి అది మంచిదే, చెక్కకి కాదు. పొడి మాప్, మరీ అవసరమైతే గట్టిగా పిండిన గుడ్డ. కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు, దీపం కింద పళ్ళెం. చెప్పులు గుమ్మం బయటే విప్పే మన అలవాటు మాత్రం బంగారం, ఎందుకంటే కోటింగ్‌ని అరగదీసేది ఇసుకే. చలికాలంలో పట్టీల మధ్య సందులు కనిపిస్తే పూడ్చకండి, వేసవి తేమకి చాలావరకు మూసుకుంటాయి.

మెషీన్ అద్దెకి తెచ్చే ముందు ఆ రెండు చుక్కలు వేసి చూడండి. ఇవాళ్టికి ఇంతే, ఉంటాను మరి.