చింతామణి బస్సు దిగి మెట్రో ఎక్కేవాళ్ల కోసం

మా చింతామణి వాళ్లకు బెంగళూరు అంటే ఒకప్పుడు మెజెస్టిక్ బస్టాండు. ఇప్పుడు కృష్ణరాజపురం, అంటే కె.ఆర్.పురం. పొద్దున్నే చింతామణి బస్టాండులో ఎర్ర బస్సు ఎక్కితే కైవారం క్రాసు, ఎచ్ క్రాసు, నందగుడి, హొసకోట మీదుగా వస్తుంది. హొసకోట దాటినాక లారీల మధ్య పాక్కుంటూ కె.ఆర్.పురం చేరుతుంది. తీగల వంతెన కనబడగానే బస్సులో చాలామంది సంచులు సర్దుకొని లేచి నిలబడతారు. మునుపు ఇక్కడ లేచేవాళ్లు తక్కువ. టిన్ ఫ్యాక్టరీ కూడలి రద్దీలో ఎంత సేపు ఆగినా మెజెస్టిక్ దాకా బస్సులోనే కూర్చోక తప్పేది కాదు. 2023 నుంచి ఆ తిప్పలు తగ్గినాయి. ఇక్కడ దిగి పైకెక్కితే మెట్రో ఉంది.

నేను చింతామణిలో బడిపంతులమ్మను. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. కైవారం తాతయ్య అనే యోగి రెండు భాషల్లోనూ కీర్తనలు కట్టిన సీమ మాది. ఏ కష్టమొచ్చినా, పెద్ద రోగమొచ్చినా, పిల్లకు ఉద్యోగమొచ్చినా మేం పోవలసింది బెంగళూరికే. అందుకే కె.ఆర్.పురం మెట్రో స్టేషను గురించి ఇంజనీర్ల కంటే ఎక్కువగా మేమే తెలుసుకోవాలని నాకనిపిస్తుంది.

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి. కృష్ణరాజపురం దగ్గర దారులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. అన్నిటికంటే కింద ఉన్నది రైలు పట్టా. 1864 ఆగస్టులో బెంగళూరు కంటోన్మెంటు నుంచి జోలార్‌పేటకు తెరిచిన మార్గం అది. బెంగళూరికి మొదటి రైలు దానిమీదే వచ్చింది. దాని పక్కనే పాత మద్రాసు రోడ్డు, మా బస్సు వచ్చే దారి. రైలు గేటు దగ్గర బండ్లు గంటలకొద్దీ నిలిచిపోతుంటే, పట్టాలకు అడ్డంగా ఇనుప తీగలతో వేలాడే వంతెన కట్టి 2003లో తెరిచారు. ఊళ్లో అందరూ దాన్ని హ్యాంగింగ్ బ్రిడ్జి అనే అంటారు. దక్షిణం నుంచి వచ్చే ఔటర్ రింగ్ రోడ్డు, వైట్‌ఫీల్డు రోడ్డు కూడా ఈ ముడిలోనే కలుస్తాయి. ఇన్ని దారుల నడుమ నేల మీద కొత్త పట్టా వేసేందుకు జాగా ఎక్కడుంది? మిగిలింది ఆకాశమే. మెట్రో అందుకే పైకి లేచింది.

భూమి లోపల తవ్వవచ్చు కదా అని మా బడి పిల్లలు అడుగుతారు. తవ్వవచ్చు. కానీ సొరంగంలో ఒక కిలోమీటరుకయ్యే డబ్బుతో పైన రెండు మూడు కిలోమీటర్లు వేసుకోవచ్చు. బెంగళూరు మెట్రో మొదటి దశ 42 కిలోమీటర్ల పైచిలుకు. అందులో సొరంగం 8.8 కిలోమీటర్లే. విధానసౌధ, మెజెస్టిక్, చిక్కపేట, మార్కెట్టు లాంటి చోట్ల, నగరం నడుమ మాత్రమే కిందికి దిగి, మిగతా దాదాపు అంతా స్తంభాల మీద పోతుంది. హైదరాబాదు ఇంకో అడుగు ముందుకేసి 69 కిలోమీటర్లూ స్తంభాల మీదే కట్టింది.

ఇప్పుడు స్టేషను లోపలికి పోదాం. మా పెద్దమ్మను గుండె పరీక్షకు వైట్‌ఫీల్డులోని సత్యసాయి ఆస్పత్రికి పిలుచుకొని పోయినప్పుడు, నాకు అలవాటైన ఈ కట్టడాన్ని ఆమె కళ్లతో మళ్లీ చూశాను. కింద నిలబడి తల పైకెత్తి, "ఇంత ఎత్తు ఎక్కేకి నాకు కాదమ్మా, బస్సులోనే పోదాం పా" అనింది. నిజమే, ఎత్తు చాలానే ఉంది. ఎందుకంత ఎత్తో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది.

మెట్రో స్టేషను మూడంతస్తుల కట్టడం. కింది అంతస్తు రోడ్డు. లారీలు, బస్సులు తగలకుండా పోవాలి కాబట్టి మొదటి కప్పే ఎత్తులో మొదలవుతుంది. దాని మీద నడిమి అంతస్తు. దాన్ని కాన్‌కోర్స్ అంటారు. టికెట్టు కిటికీలు, సంచులు తనిఖీ చేసే యంత్రం, కార్డు తాకిస్తే తెరుచుకునే గేట్లు, స్టేషను నడిపేవాళ్ల గది అన్నీ అక్కడే. ఆ పైన మూడో అంతస్తులో ప్లాట్‌ఫారాలు. ఇక్కడ ప్లాట్‌ఫారాలు రెండూ పట్టాలకు అటొకటి, ఇటొకటి ఉంటాయి. నడుమ రెండు పట్టాలు. ఇటు నుంచి అటు పోవాలంటే పట్టాలు దాటే పనే లేదు, దాటకూడదు. నడిమి అంతస్తుకు దిగి, అటువైపు మెట్లు ఎక్కాలి. కాబట్టి గేటు దాటేటప్పుడే మనం పోవలసింది వైట్‌ఫీల్డు వైపో, మెజెస్టిక్ మీదుగా చల్లఘట్ట వైపో చూసుకోవాలి. బోర్డులు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. మన పిల్లలు చదవగలరు, పెద్దలకు చదివి చెప్పాలి.

పెద్దమ్మకు కదిలే మెట్లంటే భయం. కొంగు బిగించి పట్టుకొని, మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. వెనక వచ్చే వాళ్లు పక్కకు తొలగి దారిచ్చారు. ఒక కాలేజీ పిల్ల దగ్గరకొచ్చి, "అజ్జీ, లిఫ్ట్ ఆ కడె ఇదె" (అవ్వా, లిఫ్టు అటువైపు ఉంది) అని చేత్తో చూపించింది. లిఫ్టు ఉందని మాకు ముందే తెలిసి ఉంటే ఆ నాలుగు నిమిషాల బెదురు తప్పేది. చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి: మోకాళ్ల నొప్పులున్నా, చంకలో బిడ్డ ఉన్నా, చక్రాల కుర్చీ ఉన్నా మెట్ల దగ్గర ఆగిపోవద్దు. లిఫ్టు ఎక్కడుందని కావలి ఉన్నవాళ్లను అడగండి, చెబుతారు. నేల మీద గట్లు తేలిన పసుపు పలకలు వరసగా పరిచి ఉంటాయి. అవి చూపులేనివాళ్లు కాలితో, కర్రతో తడుముకుంటూ పోయే దారి. వాటి మీద సంచులు దించి కూర్చోకూడదు.

ప్లాట్‌ఫారం మీద ఇంకో సంగతి చూడాలి. మామూలు రైలుకు నెత్తి మీద కరెంటు తీగలుంటాయి. ఇక్కడ ఆ తీగలు కనబడవు. పట్టాల పక్కనే మూడో పట్టా ఒకటి పోతుంది. అందులో 750 వోల్టుల కరెంటు ఉంటుంది. రైలు దాన్నుంచే బలం తీసుకుంటుంది. ఫోను జారి కింద పడిందని దూకితే ప్రాణం పోతుంది. సిబ్బందికి చెబితే వాళ్లే కరెంటు ఆపి తీసిస్తారు. మా బడిలో మెట్రో గురించి పాఠం చెప్పేటప్పుడు నేను మొదట చెప్పే మాట ఇదే.

రైలొచ్చింది. సింగయ్యనపాళ్య, గరుడాచార్పాళ్య, హూడి, సీతారామపాళ్య, కుందలహళ్లి, నల్లూరహళ్లి, ఆ తర్వాత శ్రీ సత్యసాయి హాస్పిటల్. ఆస్పత్రి పేరుతోనే స్టేషను. 2001లో మొదలైన ఆ ఆస్పత్రిలో గుండెకు, మెదడుకు డబ్బు తీసుకోకుండా వైద్యం చేస్తారు. మా తాలూకా నుంచి, అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి ఎంతోమంది అక్కడికి వస్తారు. అంత దూరం పొద్దున్నే వచ్చినవాళ్లకు కె.ఆర్.పురంలో సిటీ బస్సు కోసం ఎండలో నిలబడే పని తప్పింది. ఈ స్టేషను చేసిన పెద్ద మేలు నాకు తెలిసినంతలో ఇదే.

ఈ మేలు ఒక్కరోజులో రాలేదు. బెంగళూరులో మెట్రో మొదట నడిచింది 2011 అక్టోబరు 20న, ఎం.జి.రోడ్డు నుంచి బయ్యప్పనహళ్లి దాకా. దక్షిణ భారతంలో అదే మొదటి మెట్రో. బయ్యప్పనహళ్లి నుంచి చూస్తే కె.ఆర్.పురం కూతవేటు దూరం. అయినా ఆ కాస్త దూరం దాటేందుకు పన్నెండేళ్లు పట్టింది. 2023 మార్చి 25న ప్రధానమంత్రి కె.ఆర్.పురం - వైట్‌ఫీల్డు మార్గాన్ని ప్రారంభించారు. 13.71 కిలోమీటర్లు, 12 స్టేషన్లు. కానీ అది మిగతా మెట్రోతో కలవని ఒంటి ముక్క. నడుమ బెన్నిగానహళ్లి దగ్గర రైల్వే పట్టాల మీదుగా ఉక్కు దూలాల వంతెన వేయవలసి ఉంది. కింద రైళ్లు నడుస్తూనే ఉంటాయి కాబట్టి ఆ పని తొందరగా జరిగేది కాదు. ఆ నెలల్లో జనం ఒకచోట మెట్రో దిగి, రోడ్డు మీదికొచ్చి, ఫీడర్ బస్సెక్కి, ఇంకోచోట మళ్లీ మెట్రో ఎక్కేవాళ్లు. ఆ సంవత్సరమే అక్టోబరు 9న ఆ రెండు కిలోమీటర్ల ఖాళీ పూడింది. ఇప్పుడు వైట్‌ఫీల్డు నుంచి చల్లఘట్ట దాకా 43.49 కిలోమీటర్లు, 37 స్టేషన్లు, ఒకే రైలు.

స్తంభాల మీద రైలు నడపడం కొత్త ఆలోచన కాదు. న్యూయార్కులో 1868లోనే మొదలుపెట్టారు. అక్కడ తర్వాత ఆవిరి ఇంజన్లు పెట్టేసరికి కింద నడిచేవాళ్ల మీద నిప్పురవ్వలు, బూడిద పడేవి. వీధులు చీకటైపోయాయి. మాన్‌హాటన్‌లో చివరి పొడుగాటి ఎత్తు మార్గాన్ని 1955లో మూసేశారు. చికాగోలో 1892లో మొదలైనది మాత్రం నేటికీ నడుస్తోంది. మన దేశంలో ఎత్తు మీద పట్టణ రైలు మొదట చెన్నైలో 1995లో, బీచ్ నుంచి చేపాక్కం దాకా వచ్చింది. ఢిల్లీ మెట్రో 2002లో మొదలైంది కూడా షాదరా - తీస్ హజారీ మధ్య, ఎక్కువగా స్తంభాల మీదే. ఈ చరిత్ర అంతా చదివితే నాకు ఒకటే తోస్తుంది. పైన రైలు ఎంత బాగా నడిచినా, కింద వీధి బాగుంటేనే స్టేషను బాగున్నట్టు.

కె.ఆర్.పురంలో లోటు ఆ కిందనే ఉంది. మా బస్సు ఆగేది రైల్వే పట్టాలకు ఒక వైపు. మెట్రో స్టేషను ఉండేది ఇంకో వైపు. నడుమ మెట్లు ఎక్కి దిగాలి, ఆటోల మధ్య నుంచి, పండ్ల బండ్ల మధ్య నుంచి దారి వెతుక్కోవాలి. వాన పడితే నీళ్లలో నడవాలి. మెట్రోలో ఇరవై నిమిషాల ప్రయాణానికి ముందు ఈ నడకలోనే పెద్దవాళ్ల శక్తి అంతా అయిపోతుంది. పెద్దమ్మ స్టేషను ఎత్తు చూసి భయపడింది గానీ, నిజంగా ఆమెను అలసిపోయేలా చేసింది నేల మీది దారే.

డబ్బు సంగతి కూడా ఉంది. 2023 జూన్ 11న వచ్చిన శక్తి పథకం వల్ల కర్ణాటకలో ఆడవాళ్లకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో టికెట్టు లేదు. చింతామణి నుంచి కె.ఆర్.పురం దాకా మేం ఆధార్ కార్డు చూపించి వస్తాం. మెట్రోలో అందరికీ డబ్బే. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది. రోజూ ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లు స్టేషను కిందే నిలబడి సిటీ బస్సు కోసం చూడడం నేను గమనించాను. డబ్బు మిగిలితే కాలం పోతుంది, కాలం మిగిలితే డబ్బు పోతుంది. నెల జీతం వచ్చే నాకు ఆ లెక్క పెద్దది కాదు, వాళ్లకు పెద్దదే.

ఇక ముందు ఈ స్టేషను మా ఒక్క తాలూకాకే కాదు, మా చిక్కబళ్లాపురం జిల్లా అంతటికీ ముఖ్యం కాబోతోంది. సిల్క్ బోర్డు నుంచి రింగ్ రోడ్డు వెంట కె.ఆర్.పురానికి, అక్కడి నుంచి హెబ్బాళ, యలహంక మీదుగా దేవనహళ్లి విమానాశ్రయానికి నీలి మార్గం కడుతున్నారు. 58 కిలోమీటర్లు. 2021 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. బాగేపల్లి, చిక్కబళ్లాపురం, నంది వైపు నుంచి వచ్చే బస్సులు హెబ్బాళ మీదుగానే బెంగళూరులోకి వస్తాయి. అటువైపు వాళ్లు హెబ్బాళలో ఎక్కి, ఆస్పత్రికో ఐటీ కంపెనీలకో పోవాలంటే కె.ఆర్.పురంలో మారాలి. అంటే బాగేపల్లి పిల్లా, చింతామణి పిల్లా కలిసేది ఇక్కడే.

మారే చోటు ఎట్లుండాలో చూడాలంటే హైదరాబాదులో అమీర్‌పేటకు పోయి చూడాలి. 2017 నవంబరు 28న తెరిచిన ఆ స్టేషనులో మియాపూర్ వైపు నుంచి వచ్చే ఎర్ర మార్గం, నాగోలు వైపు నుంచి వచ్చే నీలి మార్గం ఒకదాని మీద ఒకటి దాటుతాయి. గేటు బయటికి రాకుండానే ఒక రైలు దిగి, ఇంకో అంతస్తుకు పోయి ఇంకో రైలు ఎక్కవచ్చు. జనం తోపులాట ఎక్కువే, కానీ దారి తప్పరు, వానలో తడవరు. కె.ఆర్.పురంలో నీలి మార్గపు కొత్త స్టేషను పాతదాని పక్కన లేస్తోంది. రెండింటినీ కలిపే దారి ఎట్లా కడతారన్న దాన్నిబట్టే రాబోయే యాభై ఏళ్లు జనం సుఖపడతారో, తిప్పలు పడతారో తేలుతుంది.

నంది కొండ కింద నంది హాల్ట్ అనే చిన్న స్టేషను ఉంది, నూరేళ్లు దాటింది. చిన్న గేజి బండ్ల కాలంలో కట్టినది. బండి దిగి పది అడుగులు వేస్తే రోడ్డు మీద ఉంటాం. అంత సులువు ఇంత పెద్ద నగరంలో కుదరదు, ఒప్పుకుంటాను. కానీ కుదిరేవి కొన్ని ఉన్నాయి. చింతామణి, హొసకోట వైపు బస్సులకు స్టేషనుకు దగ్గరలో నిలిచే చోటు, అక్కడి నుంచి మెట్రో నడిమి అంతస్తు దాకా కప్పున్న నడకదారి, ఆ దారికి రెండు వైపులా లిఫ్టు, మోకాళ్ల నొప్పుల వాళ్లు కూర్చొనేకి నాలుగు బెంచీలు. కొత్త మార్గం పనులు ముగిసి గోడలు లేచిపోయినాక వీటిని చేర్చడం కష్టం. ఇప్పుడైతే సులువు.

చింతామణి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి తాలూకాల వాళ్లంతా ఈ సంగతి మీ ఎమ్మెల్యేలకు రాయండి, గ్రామసభల్లో తీర్మానం చేసి పంపండి. పంపేటప్పుడు బస్సు దిగిన చోటి నుంచి ప్లాట్‌ఫారం దాకా నడవలేక మీ ఇంట్లో ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఆ చోటు పేరు కూడా రాయండి.