7.4 ఆహారవాహిక సిరల నుంచి రక్తస్రావం తిరగబెట్టకుండా నివారణ

సిర్రోసిస్ రోగికి ఆహారవాహికలో ఉబ్బిన సిర చిట్లినప్పుడు మొదటి కొన్ని గంటల్లో చేసే చికిత్సను గత భాగంలో తెలుసుకున్నారు. రక్తం ఆగింది, రోగి ఇంటికి వెళ్లాడు. బంధువులు గండం గడిచిందనుకుంటారు. నిజానికి నివారణ చికిత్స లేకుండా వదిలేస్తే ఇలాంటివారిలో సుమారు 60 శాతం మందికి ఒకటి రెండేళ్లలోపే మళ్లీ రక్తస్రావమవుతుంది. దాదాపు మూడో వంతు మంది మరణిస్తారు.

7.4.1 రక్తస్రావం ఎందుకు తిరగబెడుతుంది?

పేగుల నుంచి, ప్లీహం నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చేది నిర్వాహక సిర. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడితే ఆ రక్తానికి దారి ఇరుకవుతుంది. అప్పుడది పక్కదారులు వెతుక్కొని ఆహారవాహిక అడుగుభాగంలోని పలుచని సిరల్లోకి ప్రవహిస్తుంది. నిర్వాహక సిరకూ కాలేయ సిరకూ మధ్య పీడన భేదం మామూలుగా 5 మి.మీ. పాదరసం మించదు. అది 10కి చేరితే సిరలు ఉబ్బే అవకాశం ఏర్పడుతుంది, 12కి చేరితే చిట్లే ప్రమాదం ఉంటుంది. చిట్లిన సిరను మూసినంత మాత్రాన ఈ పీడనం తగ్గదు. అందుకే నివారణ రెండు వైపుల నుంచీ జరగాలి.

7.4.2 మాత్రలు, బ్యాండ్లు

పీడనాన్ని తగ్గించేవి బీటా నిరోధక మందులు. ప్రొప్రనొలాల్ ఈ పని చేస్తుందని ఫ్రాన్స్‌లో లెబ్రెక్ బృందం 1980 ప్రాంతంలో చూపింది. మాత్ర చవక, ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నాడి నిమిషానికి 55–60కి వచ్చేవరకు వైద్యుడు మోతాదు పెంచుతాడు. కార్వెడిలాల్ ఇంకో మందు. పై రక్తపోటు 90 కంటే తగ్గినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు లేదా ఆపుతాడు. ఉబ్బసం ఉన్నవారికి ఇవి పనికిరావు. రోగి తనంతట తాను మాత్రలు హఠాత్తుగా మానకూడదు.

సిరలను మూసేది బ్యాండ్ లైగేషన్. స్టీగ్‌మన్ 1980లలో అమెరికాలో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో ఎండోస్కోపు కొనకు ఉబ్బిన సిరను పీల్చి, దాని మొదలుకు చిన్న రబ్బరు బ్యాండ్ తొడుగుతారు. కొన్ని రోజుల్లో అది ఎండి రాలిపోయి అక్కడ చిన్న పుండు మిగులుతుంది. ఆ పుండు మానేదాకా మెత్తని ఆహారమే తినాలి, గట్టి జొన్నరొట్టె వద్దు. సిరలు మాయమయ్యేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి మళ్లీ బ్యాండ్లు వేస్తారు. ఆ తరవాత కూడా కొన్ని నెలలకోసారి ఎండోస్కోపీ చేసి చూడాలి, ఎందుకంటే సిరలు మళ్లీ పుడతాయి. రెండూ కలిపి వాడటమే ఒక్కదానికంటే మెరుగని బవేనో నిపుణుల సమావేశాలు సిఫారసు చేస్తున్నాయి.

7.4.3 ఒక ఉదాహరణ

శంషాబాద్‌లో నివసిస్తూ విమానాశ్రయానికి రాత్రిళ్లు క్యాబ్ నడిపే ఒక డ్రైవరును ఊహించుకోండి. వైద్యం అతనికి అందనంత దూరంలో లేదు. బాహ్యవలయ రహదారి మీద గచ్చిబౌలి వైపు వెళ్తే డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏఐజీ ఆసుపత్రి ఉంది. ఆరాంఘర్ మీదుగా నగరంలోకి వెళ్తే ఉస్మానియా ఆసుపత్రి ఉంది. చిక్కంతా అతని దినచర్యలో ఉంది. రాత్రి డ్యూటీ, పగటి నిద్ర మధ్య మాత్ర వేళ తప్పుతుంది. బ్యాండ్ వేయించుకోవడానికి వెళ్తే ఒక రోజు సంపాదన పోతుంది. మత్తు ఇస్తే ఆ రోజంతా బండి నడపకూడదు కూడా. నడుం నొప్పికని దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కుంటాడు. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, రక్తస్రావ ప్రమాదాన్నీ పెంచుతుంది.

ఇంకో సూక్ష్మమైన ప్రమాదం ఉంది. కాలేయం శుభ్రపరచని విషపదార్థాలు మెదడుకు చేరితే తొలి గుర్తు తరచుగా నిద్ర తారుమారవడమే. పగలు నిద్ర, రాత్రి మెలకువ. రాత్రి డ్యూటీ చేసేవాడిలో దీన్ని ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేరు. కాబట్టి చేతుల వణుకు, మతిమరుపు, లెక్క తప్పడం గురించి మీరే అడగాలి. ఇలాంటి స్థితిలో స్టీరింగ్ పట్టడం అతనికీ ప్రయాణికులకూ ముప్పే.

7.4.4 ఇవి చాలనప్పుడు

మాత్రలు, బ్యాండ్లు వాడినా రక్తస్రావమైతే టిప్స్ చేస్తారు. అంటే కాలేయం లోపలే నిర్వాహక సిరను కాలేయ సిరతో కలుపుతూ స్టెంట్ అమరుస్తారు. పీడనం బాగా తగ్గుతుంది, కాని రక్తం కాలేయాన్ని తప్పించుకొని పోతుంది కనుక పైన చెప్పిన మెదడు సమస్య ఎక్కువవుతుంది. కొందరికి చివరి మార్గం కాలేయ మార్పిడి.

మూలకారణాన్ని వదిలి ఇవన్నీ చేస్తే ఫలితం సగమే. కల్లయినా, విస్కీ అయినా పూర్తిగా మానాలి, ‘కొంచెం’ అన్న మాట ఇక్కడ లేదు. హెపటైటిస్ సి అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. హెపటైటిస్ బి అయితే మాత్రలు ఏళ్ల తరబడి వాడాలి. పప్పు, గుడ్డు మానేయమని చెప్పకండి, ఈ రోగులకు మాంసకృత్తులు అవసరం. మలం తారులా నల్లగా వస్తే, రక్తపు వాంతి అయితే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయమని రోగి భార్యకూ పిల్లలకూ కూడా చెప్పాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: సిరలన్నీ మాయమయ్యాయని ఎండోస్కోపీలో తేలిన రోగి ప్రొప్రనొలాల్ మానేస్తానంటున్నాడు. ‘పీడనం’, ‘సిర’ అనే మాటలు వాడుతూ ఐదు వాక్యాల్లో అతనికి జవాబు రాయండి.