విద్యుత్పని పట్టా – వ్యయము, ఫలము

పదవ తరగతి నెగ్గిన పిల్లవానిని పిమ్మట ఏమి చేయింపవలెనను ఆలోచన ధర్పల్లి వంటి ఊళ్ళలో ప్రతి వేసవియందును ఎన్నో కుటుంబములకు కలుగుచుండును. వరి, మొక్కజొన్న, పసుపు పండు ఈ నిజామాబాదు ప్రాంతమున పొలములు పంపకములతో చిన్నవైనకొలదిని, చేతికొక పని నేర్పింపవలెనను కోరిక పెరుగుచున్నది. అట్టి పనులలో విద్యుత్పని యొకటి. దానికై రెండేండ్లు చదివించినచో, పెట్టిన సొమ్ము తిరిగి వచ్చునా? ఈ ప్రశ్నకు లెక్క కట్టియే సమాధానము చెప్పుకొనవలెను.

చేతిపనుల శిక్షణ పథకమును భారత ప్రభుత్వము 1950లో ప్రారంభించినది. నేడు ఐ.టి.ఐ.లని జనులు పిలుచు పారిశ్రామిక శిక్షణ సంస్థలు ఆ పథకము క్రింద వెలసినవే. ఎలక్ట్రీషియన్ శిక్షణకు కాలము రెండు సంవత్సరములు. గణితము, సామాన్యశాస్త్రము అభ్యసించి పదవ తరగతి నెగ్గినవారు దానికి అర్హులు. నిజామాబాదు పట్టణమున ప్రభుత్వ సంస్థ కలదు.

ఖర్చు అనగానే మనకు రుసుము జ్ఞప్తికి వచ్చును. కాని అసలు పెద్ద ఖర్చు అది కాదు. రెండేండ్లపాటు ఇంటికి రాకపోవు సంపాదన. ఉదాహరణకు, చదువు మాని పనికి పోయినచో నెలకు 10,000 రూపాయలు వచ్చుననుకొందము. 24 నెలలకు అది 2,40,000 అగును. రాకపోకలకు, మధ్యాహ్న భోజనమునకు నెలకు 1,500 చొప్పున 36,000. రుసుము, పుస్తకములు, పనిముట్లకు 24,000 వేసికొన్నచో మొత్తము 3,00,000 రూపాయలు. ఆడపిల్లలకు ఇందులో కొంత తగ్గును. ఏలయనగా 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్ర ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో వారికి ఉచిత ప్రయాణము కల్పింపబడినది.

ఇక ఫలము మాట. పట్టా ఉన్నవాడు, లేనివానికంటె నెలకు 5,000 ఎక్కువ గడించినచో ఐదేండ్లలో ఖర్చు తీరును. 2,000 మాత్రమే ఎక్కువైనచో పన్నెండున్నర ఏండ్లు పట్టును. పట్టా లేనివాడును ఆ రెండేండ్లలో మేస్త్రీవెంట తిరిగి కొంత పని నేర్చునని మరువరాదు. కావున పట్టా విలువ ఆ కాగితములో లేదు. అది తెరచు ద్వారములలో ఉన్నది.

మొదటి ద్వారము అప్రెంటిస్ శిక్షణ. 1961 నాటి చట్టము దీనికి ఆధారము. 2019లో సవరించిన నియమములు, అర్హతను బట్టి నెలకు 5,000 నుండి 9,000 రూపాయల వరకు కనీస భృతిని నిర్ణయించినవి. కూలికంటె ఇది తక్కువ కావచ్చును. ఆ లోటును గూడ ఖర్చులో చేర్చుకొనవలసినదే. అయినను కర్మాగారపు యంత్రములపై చేయి తిరుగుట అచ్చటనే.

రెండవది పర్మిట్టు. బల్బు, ఫ్యూజు మార్చుట వంటి చిల్లర పనులు తప్ప, విద్యుత్ అమరిక పనులను లైసెన్సు గల కంట్రాక్టరు ద్వారా, అర్హత గల పర్యవేక్షకుని క్రింద, పర్మిట్టు గలవారే చేయవలెనని భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. మూడవది ప్రభుత్వోద్యోగము. జూనియర్ లైన్‌మన్ నియామకములకు తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థలు అడిగిన అర్హతలలో ఈ పట్టా యొకటి. అయితే స్తంభమెక్కు పరీక్షలో గూడ నెగ్గవలసియుండెను. ఖాళీలు ఏటేటా రావు గనుక దీనినొక్కదానినే నమ్ముకొనరాదు.

నాలుగవది గల్ఫు ప్రయాణము. పదవ తరగతి నెగ్గినవారికి వలస అనుమతి అవసరము లేని పాస్‌పోర్టు లభించును. ఇది సౌకర్యమే గాని, ప్రభుత్వ పరిశీలన తప్పిపోవుటచే ఒప్పందపు షరతులను తామే జాగ్రత్తగా చదువుకొనవలెను. నమోదైన ఏజెంటు తీసికొనదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్నును. అంతకు మించి అప్పు చేసి చెల్లించినచో, నేర్చిన విద్య వడ్డీకే ఊడిగము చేయును.

ఊరిలో నిలిచినవానికి బావుల మోటార్లే జీవనాధారము. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైన ఈ రాష్ట్రమున మోటార్లకు కొదువ లేదు. కాలిన చుట్టలను మరల చుట్టుట, స్టార్టరు బాగుచేయుట నిత్యకృత్యములు.

రూపాయలలో తేలని లెక్క యొకటి మిగిలియున్నది. పొలమున తడినేలపై నిలిచి మూడు ఫేజుల తీగెను పట్టువానికి పొరపాటు దిద్దుకొను అవకాశము దొరకకపోవచ్చును. ఎర్తు తీగె సరిగా లేనిచో, లోపల తెగిన తీగె మోటారు పైతొడుగును తాకినప్పుడు విద్యుత్తు ఆ ఇనుములోనే పొంచియుండి, ముట్టినవాని దేహముగుండ నేలకు దిగును. ఎర్తు చక్కగా ఉన్నచో ఆ ప్రవాహము తీగెవెంట పోయి ఫ్యూజును కాల్చును, మనిషి బ్రతుకును. ఈ కారణమును తెలిసి పనిచేయువానికిని, చూచి నేర్చినవానికిని గల తేడా ఒక్కొక్కప్పుడు ప్రాణమంత.

కావున చేరుటకు ముందు మూడు సంగతులు విచారింపుడు. సంస్థ ఇచ్చునది జాతీయ ధ్రువపత్రమేనా? కర్మశాలలో విద్యార్థి స్వయముగా విప్పి చుట్టుటకు మోటార్లున్నవా? అచ్చట చదివినవారికి అప్రెంటిస్ స్థానములు దొరకుచున్నవా? మూడింటికిని ఔనను జవాబు వచ్చినచో ఆ రెండేండ్లు పెట్టుబడి యగును. లేనిచో రుసుము ఎంత స్వల్పమైనను, ఆ చదువు ఖరీదైనదే.