మీ కాలనీలో పార్కు ఎవరిది?.. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ఆ ఖాళీ జాగా వెనుక అసలు లెక్క ఇదే!

పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లే పెద్దాయన.. సాయంత్రం బడి నుంచి రాగానే బ్యాట్ పట్టుకుని బయటకు పరుగెత్తే పిల్లాడు.. ఇంటి పని అయ్యాక కాసేపు గాలికి కూర్చోవాలనుకునే అమ్మ.. ముగ్గురికీ కావాల్సింది ఒకటే. కాస్త ఖాళీ జాగా, నాలుగు చెట్లు. మరి ఆ జాగా మీ వీధి దగ్గర ఉందా? ఉంటే దాన్ని చూసుకునేది ఎవరు? లేకపోతే ఎవరిని అడగాలి? శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలను ముందు పెట్టుకుని ఈ విషయాన్ని వివరంగా చూద్దాం.

పార్కుల శాఖ అని ఒకటి ఉందా?

విదేశాల్లో చాలా ఊళ్లలో పార్కులు, ఆటస్థలాల కోసమే ప్రత్యేకంగా ఒక శాఖ ఉంటుంది. మన దగ్గర విశాఖ, విజయవాడ లాంటి పెద్ద కార్పొరేషన్లలో ఉద్యాన విభాగం కనిపిస్తుంది. చిన్న పట్టణాల సంగతి వేరు. ఇక్కడ పార్కు పని ముక్కలు ముక్కలుగా పంచుకుని ఉంటుంది. జాగా లెక్క టౌన్ ప్లానింగ్ వాళ్లది. గోడ, గేటు, బోరు, లైట్లు ఇంజినీరింగ్ వాళ్లవి. చెత్త ఊడ్చే పని శానిటేషన్ వాళ్లది. అందుకే పార్కులో లైటు వెలగలేదని ఒకరి దగ్గరికి వెళితే ఇంకొకరి దగ్గరికి పంపిస్తుంటారు. తిరిగి తిరిగి మనకే విసుగొస్తుంది.

అయితే శాఖ లేదంటే బాధ్యత లేదని కాదు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో 12వ షెడ్యూల్ వచ్చింది. పట్టణ సంస్థలకు అప్పగించాల్సిన 18 పనులు అందులో ఉన్నాయి. వాటిలో 12వది.. పార్కులు, తోటలు, ఆటస్థలాలు. అంటే తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం ఉన్న లిస్టులోనే పార్కు కూడా ఉంది. కాబట్టి పార్కు అడగడమంటే ఎవరి దయనో అడగడం కాదు. కుళాయి నీళ్లు ఎలా అడుగుతామో ఇదీ అలాగే అడగొచ్చు.

ఆ జాగా ఎక్కడి నుంచి వస్తుంది?

పార్కు కోసం మున్సిపాలిటీ భూమి కొనడం చాలా అరుదు. కొత్త కాలనీల్లో పార్కు జాగా వచ్చేది లేఅవుట్ నుంచే. రాష్ట్రంలో 2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం, ఎవరైనా భూమిని ప్లాట్లుగా విడగొట్టి అమ్మాలంటే మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. ఆ స్థలాన్ని, రోడ్లను రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా ఉచితంగా స్థానిక సంస్థకు అప్పగించాలి.

లెక్క సింపుల్. ఎకరానికి 100 సెంట్లు. అంటే ఎకరా లేఅవుట్‌లో 10 సెంట్లు.. 484 గజాలు. ఐదెకరాల లేఅవుట్‌లో అర ఎకరం.. 2,420 గజాలు. పిల్లల ఆటలకు, వాకింగ్ ట్రాక్‌కు, నీడనిచ్చే చెట్లకు ఇది సరిపోతుంది. ఇంకో ముఖ్యమైన విషయం ఏంటంటే.. ప్లాటు అమ్మేటప్పుడు రియల్టర్ ఆ 10 శాతం భూమి ఖర్చును కూడా గజం రేటులోనే కలుపుకుంటాడు. అంటే ప్లాటు కొన్న ప్రతి ఒక్కరూ ఆ పార్కుకు తమ వంతు డబ్బు కట్టేసినట్టే!

మరి మాయమయ్యేది ఎక్కడ?

కాగితం మీద పార్కు ఉంటుంది.. కళ్ల ముందు మాత్రం ముళ్ల కంప ఉంటుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే మొదట ఇసుక, కంకర కుప్పలు పడతాయి. తర్వాత ఎవరో పశువులను కడతారు. ఆ తర్వాత ఓ రేకుల షెడ్డు లేస్తుంది. చివరికి గోడ వస్తుంది. అప్పటికి 'ఇది పార్కు జాగా' అని గుర్తున్నవాళ్లు వీధిలో ఒకరిద్దరే మిగులుతారు. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ కాకపోతే సమస్య ఇంకా పెద్దది. రికార్డుల్లో భూమి పాత యజమాని పేరు మీదే ఉండిపోతుంది. ఆయన వారసులు దాన్ని ప్లాటుగా అమ్మేసే ప్రమాదం ఉంటుంది.

ఇక అనుమతి లేని లేఅవుట్లయితే అసలు పార్కే ఉండదు. ఇలాంటి ప్లాట్లను క్రమబద్ధీకరించడానికి 2020లో ప్రభుత్వం ఎల్ఆర్ఎస్ తెచ్చింది. 10 శాతం ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీగా కట్టాలని అందులో పెట్టారు. ఇక్కడే ఆలోచించాల్సిన విషయం ఉంది. డబ్బు కడితే ప్లాటుకు కాగితం వస్తుంది. కానీ ఇళ్లన్నీ కట్టేసిన వీధి మధ్యలో కొత్తగా ఖాళీ జాగా ఎక్కడి నుంచి వస్తుంది? ఆ వీధి పిల్లలు రోడ్డు మీదే ఆడుకోవాలి.

కోర్టులు ఏం చెప్పాయి?

పార్కు జాగా విషయంలో రెండు తీర్పులు తెలిసి ఉండాలి. మొదటిది మన హైకోర్టుదే. 1987లో టి.దామోదర్‌రావు కేసు. హైదరాబాద్ అభివృద్ధి ప్రణాళికలో వినోద స్థలంగా కేటాయించిన భూమిలో ఎల్ఐసీ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టాలని చూశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని అడ్డుకుంది. పర్యావరణాన్ని కాపాడటం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. అవతల ఉన్నవి ప్రభుత్వ సంస్థలే అయినా కోర్టు ఒప్పుకోలేదు.

రెండోది 1991లో సుప్రీంకోర్టు తీర్పు. హిందూపురానికి దగ్గర్లో ఉన్న బెంగళూరులో జరిగిన కథ ఇది. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు కేటాయించారు. కాలనీవాసులు కోర్టుకెక్కారు. ఆస్పత్రి కూడా జనానికి మంచిదే కదా అన్న వాదన నిలబడలేదు. ఆ కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. పార్కు కోసం పోరాడే హక్కు ఆ వీధిలో ఉండేవాళ్లకు ఉందని కూడా స్పష్టం చేసింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ బి.ఎస్.ముద్దప్ప కేసుగా దీన్ని చెబుతారు.

మూడు ఊళ్లు.. మూడు రకాల అవసరాలు

హిందూపురం: 2011 లెక్కల ప్రకారం జనాభా లక్షన్నర. 38 వార్డులు. బెంగళూరు దగ్గర కావడంతో ఇళ్ల స్థలాలకు గిరాకీ ఎక్కువ. ఇలాంటి ఊళ్లో ఖాళీ జాగా మీద అందరి కన్నూ పడుతుంది. ఎంజీఎం హైస్కూల్ గ్రౌండ్ లాంటి పెద్ద మైదానాలు ఊరికి పెద్ద ఆస్తి. కానీ ఒక వార్డు నుంచి ముసలివాళ్లు, చిన్నపిల్లలు ట్రాఫిక్ దాటుకుని రోజూ అంతదూరం రాలేరు. అందుకే వార్డులో ఉండే పది సెంట్ల పార్కుకూ అంత విలువ.

ధర్మవరం: 40 వార్డులు, 2011లో జనాభా లక్షా 20 వేలు దాటింది. ఇక్కడ పార్కు అవసరం వేరే రకంగా ఉంటుంది. గుంత మగ్గం మీద కూర్చుంటే కాళ్లు గుంతలోనే.. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఒకే చోట పని. చాలామందికి మగ్గం ఉన్న గదే ఇల్లు కూడా. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి చేనేత ఇళ్లల్లో కొత్త మాట కాదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలు రోజుకు 60 నిమిషాలు శరీరం కదిలేలా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జిమ్‌కు నెలనెలా డబ్బు కట్టలేని నేతన్నకు నడవడానికి ఇంటి దగ్గర ఒక చోటు ఉండటం వైద్యం లాంటిదే. చీకటి పడ్డాక పని ముగించుకుని వచ్చేవాళ్ల కోసం అక్కడ లైట్లు వెలగాలి. మహిళల కోసం టాయిలెట్ ఉండాలి.

పెనుకొండ: 2020లో నగర పంచాయతీ అయింది. 20 వార్డులు. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధానిగా చేసుకున్న ఊరు. కొండ, కోట, గగన్ మహల్, బాబయ్య దర్గా.. ఇలా ఊరంతా చూడదగ్గ చోట్లే. నిద్రపోతున్న కుంభకర్ణుడి భారీ విగ్రహాన్ని చూడటానికి బయటి ఊళ్ల నుంచీ జనం వస్తారు. అయితే పర్యాటకులు వచ్చే చోటు వేరు, వీధి పిల్లలు రోజూ ఆడుకునే చోటు వేరు. కియా ఫ్యాక్టరీ వచ్చాక ఈ చుట్టుపక్కల భూముల రేట్లు పెరిగాయి. మిగతా రెండు ఊళ్లకూ లేని అవకాశం పెనుకొండకు ఉంది. ఊరు ఇంకా చిన్నదే. ఇప్పుడు వచ్చే ప్రతి లేఅవుట్‌లో ఆ 10 శాతం జాగాను గట్టిగా పట్టుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత బాధపడే పని ఉండదు.

లాన్ కావాలా? నీడ కావాలా?

మన జిల్లా కరువు సీమ. దేశంలోనే అతి తక్కువ వానలు పడే ప్రాంతాల్లో ఒకటి. అందుకే ఇక్కడ పార్కు అంటే ముందు చూడాల్సింది నీళ్ల లెక్క.

అర ఎకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. అంతా పచ్చిక పరిచి, ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు పోశారనుకుందాం. రోజుకు 10 వేల లీటర్లు.. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు! పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. ఆ లెక్కన ఆ నీళ్లు 74 మందికి ఒకరోజు సరిపోతాయి. తాగునీటికే ఎదురుచూసే ఊళ్లో ఇది నిలబడే పని కాదు. మొదటి వేసవిలోనే లాన్ ఎండిపోతుంది. ఆ తర్వాత జనం రావడం మానేస్తారు.

దానికి బదులు వేప, కానుగ, రావి, చింత, నేరేడు లాంటి మన చెట్లు పెడితే మొదటి రెండు మూడేళ్లు కాపాడితే చాలు. ఆ తర్వాత చాలావరకు అవే నిలబడతాయి. నీడనూ ఇస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మనకు కావాల్సింది ఆ నీడే కదా!

డబ్బు ఎక్కడిది?

2015 జూన్‌లో కేంద్రం మొదలుపెట్టిన అమృత్ పథకంలో హిందూపురం, ధర్మవరం రెండూ ఉన్నాయి. ఆ పథకంలో ప్రధానంగా నీరు, డ్రైనేజీ పనులే. పార్కులకు 2.5 శాతం దాకా ఖర్చు పెట్టుకునే వీలు కల్పించారు. పిల్లలకు అనువుగా ఉండాలన్న షరతు కూడా పెట్టారు. ఇలాంటి పథకాలతో పార్కు కట్టొచ్చు. రిబ్బన్ కటింగ్ కూడా ఘనంగా జరుగుతుంది. కానీ రోజూ నీళ్లు పోసే మనిషి జీతం, కరెంటు బిల్లు, విరిగిన ఉయ్యాల రిపేరు.. ఇవన్నీ మున్సిపాలిటీ సొంత నిధుల నుంచే రావాలి. అంటే మనం కట్టే ఇంటి పన్ను నుంచే. చాలా పార్కులు దెబ్బతినేది ఇక్కడే. కట్టడానికి డబ్బు ఉంటుంది.. చూసుకోవడానికి ఉండదు.

మీరు ఏం చేయాలి?

* మీ లేఅవుట్ ప్లాన్ కాపీ సంపాదించండి. అందులో పార్కు జాగా ఎక్కడుంది, ఎన్ని గజాలో చూడండి.
* దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు చేయండి. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లాన్ కాపీతో పాటు గిఫ్ట్ డీడ్ నంబర్ కూడా అడగండి.
* ఆక్రమణ కనిపిస్తే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి, లైట్లు, నీళ్ల సమస్యలకు అమినిటీస్ కార్యదర్శికి, చెత్త గురించి శానిటేషన్ కార్యదర్శికి రాసివ్వండి. నోటిమాటతో వదలొద్దు. రసీదు తీసుకోండి.
* అక్కడ పని కాకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఒక్కరే కాకుండా వీధిలో పదిమంది సంతకాలు పెడితే బరువు ఉంటుంది.
* జాగా ఖాళీగా ఉన్నప్పుడే కంచె, 'మున్సిపల్ పార్కు స్థలం' అని బోర్డు అడగండి. షెడ్డు లేచాక తీయించడం కష్టం.

ప్లాటు కొనబోతున్నవాళ్లకు ఇంకో మాట. రేటు, రోడ్డు, వాస్తు ఎలాగూ చూస్తారు. దాంతోపాటు ఆ 10 శాతం జాగా దగ్గరికి ఒకసారి నడిచి వెళ్లండి. అది బ్రోచర్‌లో మాత్రమే ఉందా, నేల మీద కూడా ఉందా అన్నది మీ కళ్లతో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.