షార్త్రులో మా ముత్తవ్వ

మావారి ఉద్యోగం ధర్మమా అని 2023లో నాకు పారిస్‌లో ఒక ఏడాదిపాటు కాపురం చేసే యోగం పట్టింది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఫ్రెంచి ముక్క రాదు. కూరగాయల దుకాణంలో సైగలతోనే సంసారం ఈదుకొచ్చాను. సెలవు పెట్టి వెళ్లాను గనుక ఊళ్లు చూడడానికి తీరిక మాత్రం పుష్కలంగా దొరికింది.

పారిస్ వెళ్లినవాళ్లెవరైనా ముందు చూసేది నోత్రదామ్ చర్చిని. కాని 2019 ఏప్రిల్ 15న కాలిన ఆ చర్చి మేమున్నన్నాళ్లూ మరమ్మతుల్లోనే ఉంది. మళ్లీ తలుపులు తెరిచింది 2024 డిసెంబరులో.

"ఇది కాకపోతే ఇంకొకటి. ఈ దేశంలో చర్చిలకేం కరువు?" అన్నారు మావారు. అలా ఆదివారాలనాడు రొట్టెలు మూటగట్టుకుని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని రైలెక్కడం మాకు అలవాటైంది.

మొదట ఆమియెన్ వెళ్లాం. 1220లో మొదలుపెట్టిన చర్చి అది. లోపల నిలబడి తలెత్తితే పైకప్పు దాదాపు 140 అడుగుల ఎత్తున ఉంది. మెడ పట్టేసింది. తరువాత బోవే. ఆ ఊరివాళ్లు అందరికంటే ఎత్తు కట్టాలనుకుని 157 అడుగులదాకా లేపారు. 1284లో కప్పు కొంత కూలింది. దాన్ని నిలబెట్టి, పట్టు వదలక పైన ఒక మహా శిఖరం కట్టారు. అదీ 1573లో కూలింది. ముందరి భాగం ఈనాటికీ కట్టనేలేదు. "ఇల్లు కట్టిచూడు అన్న మాట వీళ్లకు తెలియదు కాబోలు," అన్నారు మావారు.

రేన్స్ పట్నం ఫ్రాన్సు రాజులకు పట్టాభిషేకాలు జరిగిన చోటు. అక్కడి చర్చి 1914 సెప్టెంబరు 19న జర్మను ఫిరంగి గుళ్లకు అంటుకుని కప్పంతా కాలిపోయింది. మళ్లీ కట్టి తెరిచేసరికి 1938 అయింది. ఈ కథ వింటూ మా అమ్మాయి అడిగింది:

"అమ్మా, మన మెదకు చర్చి ఎప్పుడు కట్టారు?"

నేను పుట్టింది మెదకు పక్కనే ఉన్న హవేలిఘనపూర్‌లో. ఆ గోపురం చూస్తూ పెరిగినదాన్ని. అయినా చప్పున జవాబు తోచలేదు. ఫోనులో వెతికి చూశాను. పని మొదలైన సంవత్సరం 1914! అక్కడొక చర్చి కాలుతున్న ఏడాదే, ఇక్కడ మన పొలాల మధ్య ఇంకొకటి లేవడం మొదలైందన్నమాట.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దొర దాన్ని కట్టించాడు. అవి కరువు రోజులు. ఊరికే అన్నం పెట్టడం కంటే పనిచ్చి తిండి పెడదామని ఆయన తలచాడు. పదేళ్లు కట్టారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. ఇదంతా చదువుతూంటే నాకు మా ముత్తవ్వ గుర్తుకొచ్చింది. ఆ గుర్తు సుఖంగా లేదు.

మేము కిరస్తానులం కాము. కాని మా ముత్తవ్వ పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మ వెంట ఆ కట్టడానికి కూలికి వెళ్లిందట. "గా గోపురంల నా నెత్తిమీది గంపల రాళ్లు గూడ ఉన్నయి బిడ్డా," అనేది. ఒకసారి మా బడి పంతులమ్మ ఇంటికి వచ్చినప్పుడు ముత్తవ్వ ఈ కథే మొదలుపెట్టింది. నాకూ అప్పుడు పదేళ్లే. సిగ్గుతో చచ్చిపోయాను. "ఊకో అవ్వా, కూలికి పోయిన సంగతి అందరికి చెప్పాలెనా?" అని కసిరాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి ఊరుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరుసటేడు పోయింది.

ఆఖరున షార్త్రు వెళ్లాం. గోధుమ చేల మీదుగా దూరంనుంచే రెండు శిఖరాలు కనిపిస్తాయి. అవి జోడు కుదరని శిఖరాలు. ఒకటి సాదాది, రెండోది నగిషీది. మెదకు దారిలో వరి మళ్ల మీదుగా మన గోపురం కనబడినట్టే అనిపించి గుండె ఝల్లుమంది.

అక్కడ 1145లో జనం తామే బండ్లకు కట్టుకుని రాళ్లు లాగారని ఆనాటివాళ్లు రాసిపెట్టారు. 1194లో చర్చి చాలాభాగం కాలిపోతే మళ్లీ కట్టారు. లోపల రంగుటద్దాల కిటికీలు చూడాలి! ఆ నీలం రంగు చూసి తీరాలే తప్ప చెప్పితే తెలిసేది కాదు. పై గళ్లలో దేవుడి కథలు, పుణ్యపురుషుల కథలు. చాలా కిటికీల కింది గళ్లలో మాత్రం రొట్టెలు కాల్చేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు. ఒకచోట రాళ్లు చెక్కేవాళ్లు కూడా ఉన్నారు. ఆ కిటికీలకు డబ్బిచ్చింది వాళ్లేనా కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదం నాకు పట్టలేదు. కష్టపడ్డవాళ్ల బొమ్మను దేవుడి బొమ్మకింద ఎనిమిది వందల ఏళ్లు దాచుకున్నారు ఆ ఊరివాళ్లు. నేను ఒక్క ముసలామె మాటను పంతులమ్మ ముందర ఒక్క నిమిషం నిలవనివ్వలేదు.

"ఏమిటలా ఉన్నావు?" అన్నారు మావారు.

"ఏం లేదండీ, మెడ పట్టేసింది," అన్నాను.

2024 వేసవిలో ఇంటికి తిరిగివచ్చాం. ఆ డిసెంబరుకే మెదకు చర్చికి నూరేళ్లు నిండాయి. ఉత్సవాల సందడి తగ్గాక ఒక మధ్యాహ్నం అమ్మాయిని తీసుకువెళ్లాను. పొద్దుండగానే వెళ్లాలి. ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన ఆ మూడు రంగుటద్దాల కిటికీలు, షార్త్రు కిటికీల మాదిరిగానే, ఎండ ఉన్నంతసేపే వెలుగుతాయి. క్రీస్తు పుట్టుక, శిలువ, స్వర్గారోహణం. మూడింటినీ తీరికగా చూశాం. కింది గళ్లలో గంప మోసేవాళ్లకోసం నా కళ్లు వెతికాయి. లేరు.

బయటికి వచ్చాక అమ్మాయికి ముత్తవ్వ సంగతి మొత్తం చెప్పాను, నేను కసిరిన మాటతో సహా. అది కాసేపు ఊరుకుని అడిగింది:

"కూలి ఎంతిచ్చేవారట? ఎన్నాళ్లు మోసిందట?"

నేను అడగలేదు. చెప్పబోయినామెను ఆపాను.

అమ్మాయి గోడ దగ్గరికి వెళ్లి ఎండకు వేడెక్కిన ఒక బూడిదరంగు రాయిమీద అరచెయ్యి ఆనించింది.

"ఇదే అనుకుందామా?"

"అనుకుందాం," అన్నాను.